పాత మెజీషియన్ల ఫొటోలు: బొమ్మ వయసు వేరు, ప్రింటు వయసు వేరు

సంకెళ్లలోంచి బయటపడే ఆటతో పేరుపొందిన అమెరికన్ మెజీషియన్ హూడినీ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చే బొమ్మ ఒకటుంది. ఒంటిమీద చిన్న గుడ్డ తప్ప ఏమీ లేదు. చేతులకూ కాళ్లకూ బరువైన గొలుసులు, తాళాలు. కాస్త వంగి, కెమెరాలోకి సూటిగా చూస్తున్న పాతికేళ్ల కుర్రాడు. ఆ బొమ్మ తీసింది 1899 ప్రాంతంలో. ఇవాళ అది అట్టమీద అంటించిన పాత ప్రింటుగా దొరుకుతుంది, పోస్టుకార్డుగా దొరుకుతుంది, పత్రికలోంచి కత్తిరించిన కాగితంగా, ప్రింటును మళ్లీ ఫొటో తీసిన కాపీగా, నిన్న మొన్న ఇంక్‌జెట్ ప్రింటరులోంచి వచ్చిన కాగితంగా కూడా దొరుకుతుంది. అమ్మకంలో అన్నిటి కిందా రాసేది మాత్రం ఒకటే: ‘1899 నాటి హూడినీ ఫొటో’. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ కొనేవాడికి కావలసిన నిజం సగమే ఉంది.

కెమెరాలో పడ్డ బొమ్మ ఒకటి, చేతికొచ్చిన కాగితం మరొకటి. బొమ్మ ఎప్పటిదో అందులోని మనిషి, దుస్తులు, సామాను చెబుతాయి. ప్రింటు ఎప్పటిదో కాగితం, దాని మీది పూత, వెనక అట్ట చెబుతాయి. ఒకదాని సాక్ష్యం రెండోదానికి పనికిరాదు. మెజీషియన్ల దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. ఇంట్లోవాళ్ల ఫొటో జ్ఞాపకానికి తీయించుకుంటారు. మెజీషియన్ ఫొటో టికెట్లు తెగడానికి తీయించుకున్నది. ఏది చూపాలో ఏది దాచాలో షట్టరు తెరవకముందే తేల్చుకున్న బొమ్మ అది.

వేదిక మీద తీసినట్టు కనిపించేవి

పారిస్‌లో గడియారాలు చేసే రాబర్ట్ హూడిన్ 1845 జులైలో సొంత మ్యాజిక్ థియేటరు తెరిచాడు. హూడినీ తన పేరు పెట్టుకున్నది ఇతని పేరు మీదే. 1847లో ఇతను చూపిన ఒక అంశంలో కొడుకు ఒక కర్రమీద మోచేయి ఆనించి గాలిలో అడ్డంగా తేలేవాడు. ఈథర్ మత్తుమందు అప్పటికి కొత్త సంచలనం, కాబట్టి ఈథర్ వాసన పీల్చడం వల్లే కుర్రాడి ఒళ్లు తేలికైందని ప్రేక్షకులకు చెప్పేవాడు. ఈ ప్రదర్శన మనకు తెలిసింది చెక్కిన బొమ్మల ద్వారా. ప్రదర్శన జరుగుతుండగా ఫొటో తీయడం ఆనాటి సామానుతో అయ్యే పని కాదు.

కారణం వెలుతురు. 1851లో వచ్చిన తడి పలక పద్ధతిలో గాజు పలకమీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి నైట్రేటు నీళ్లలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, బొమ్మ పడగానే చీకటి గదికి తీసుకెళ్లి కడగాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. పైకప్పుకు అద్దాలు బిగించిన స్టూడియోలో పగటిపూటైనా మనిషి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాల్సి వచ్చేది. తల కదలకుండా వెనకనుంచి ఇనుప స్టాండుకున్న పట్టు బిగించేవారు. అలాంటప్పుడు గ్యాసు దీపాల వెలుగులో నడిచే ప్రదర్శనను పట్టుకోవడం ఎలా? 1860లు, 70ల నాటి ‘ప్రదర్శన ఫొటో’ ఏది కనబడినా అది స్టూడియోలో నిలబెట్టి తీసిందే. నిల్చున్న మనిషి మడమల వెనక చూడండి, చాలాసార్లు ఆ ఇనుప స్టాండు పాదం కనబడుతుంది. వెనక పరదా మీద చెట్లు, స్తంభాలు రంగులతో వేసి ఉంటాయి. నేలమీద పరిచిన తివాచీ అంచు పరదాను కలిసే చోట మడత తేలుతుంది.

1880లలో ఆరిన జెలటిన్ పలకలు వాడకంలోకి వచ్చి, బొమ్మ పడడానికి పట్టే సెకన్లు సెకనులో చిన్న భాగానికి తగ్గాయి. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి తయారైంది. అయినా గాలిలో తేలే మనిషి బొమ్మలు స్టూడియోల్లోనే తయారవుతూ వచ్చాయి. ఎందుకంటే తీగలు, ఊతలు దాచడానికి వేదిక మీద దీపాల అమరిక చాలు, కెమెరా ముందు చాలదు. అడ్డంగా పడుకోబెట్టిన మనిషి కింది ఊతను నెగెటివ్ మీదే పెన్సిలుతో, సూదితో, నల్ల సిరాతో చెరిపేసేవారు. అలాంటి చోట శరీరం కింద నీడ ఉండదు, ఉన్నా ఒంటికి కుదరని దిక్కులో పడుతుంది. పక్కనున్న పరదాలో నేత కనబడుతూ, శరీరం కింద మాత్రం ఒక్క పూతలా నున్నగా ఉంటుంది. పది రెట్ల భూతద్దం పెడితే గీకిన గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి.

ఇక్కడ హూడినీ ప్రత్యేకత తెలుస్తుంది. అతను ఆటను థియేటరులోంచి వంతెనల మీదికీ రేవుల్లోకీ తెచ్చాడు. 1908 ఏప్రిల్ 30న బోస్టన్‌లో హార్వర్డ్ వంతెన మీదనుంచి సంకెళ్లతో నదిలోకి దూకాడు. 1912లో న్యూయార్కు రేవులో కాళ్లకూ చేతులకూ సంకెళ్లతో చెక్కపెట్టెలోకి దిగి, మేకులు కొట్టించుకుని నీళ్లలోకి వెళ్లాడు. రెండూ పట్టపగలు, ఆరుబయట, జనం ముందు. కదులుతున్న మనిషిని ఆపి పట్టగల వెలుతురు అక్కడ ఉంది. తోటి మెజీషియన్లు స్టూడియోలో చేతులు చాచి నిలబడిన బొమ్మలకే మిగిలిపోతే, హూడినీకి సంఘటన ఫొటోలు మిగిలాయి. అతని పేరు ఇంతకాలం నిలవడంలో ఈ వెలుతురు తేడాకు దక్కాల్సిన పేరు దక్కలేదని నా అభిప్రాయం. ఒక చిన్న హెచ్చరిక: బోస్టన్ వంతెన ఫొటో మీద ‘థర్స్టన్’ అన్న ముద్ర ఉంటుంది. అది ఫొటోగ్రాఫరు జాన్ హెచ్. థర్స్టన్ పేరు. అదే ఏడాది పేరున్న అమెరికన్ మెజీషియన్ హ్యారీ కెల్లర్ తన వారసుడిగా ప్రకటించిన మెజీషియన్ హోవర్డ్ థర్స్టన్ వేరే మనిషి.

కాగితం చెప్పే వయసు

ముందు స్కేలు తీయండి. ఫ్రాన్సులో డిస్డేరి 1854లో పేటెంటు తీసుకున్న కార్ట్ డి విజిట్ అనే చిన్న ఫొటో కార్డు అట్ట సుమారు 64 × 100 మి.మీ., దాని మీద ప్రింటు 54 × 89 మి.మీ. 1866 ప్రాంతంలో వచ్చిన, దానికంటే పెద్దదైన కేబినెట్ కార్డు అట్ట సుమారు 108 × 165 మి.మీ. మెజీషియన్లు ఎక్కువగా వాడుకున్నది ఈ రెండో సైజునే. థియేటరు మేనేజర్లకు పంపడానికీ, ప్రదర్శన అయ్యాక అమ్మడానికీ అనువుగా ఉండేది. అట్ట పల్చగా, మూలలు చతురంగా ఉంటే 1860లు. దళసరిగా, మూలలు గుండ్రంగా ఉంటే 1870ల తర్వాత. అంచు ఏటవాలుగా కోసి బంగారు పూత వేసి ఉంటే 1880లు, 90లు. అమెరికా ఫొటో వెనక పన్ను స్టాంపు అంటించి ఉంటే మరీ మంచిది. ఆ పన్ను 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకే ఉంది. అంటే రెండేళ్లలోపు ఖచ్చితత్వం.

తర్వాత 30 రెట్ల భూతద్దం. 19వ శతాబ్దపు ప్రింట్లలో అధికభాగం కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసినవి. కాగితం చాలా పల్చన, చుట్టుకుపోతుంది, అందుకే అట్టమీద అంటించక తప్పేది కాదు. భూతద్దంలో చూస్తే పూత కిందనుంచి కాగితపు పీచు కనిపిస్తుంది. తెల్లటి చోట్లు పసుపెక్కి ఉంటాయి. పూతలో సన్నటి పగుళ్లు బీటలు వారిన చెరువు మట్టిలా అల్లుకుంటాయి. 1890ల నుంచి బాగా వాడకంలోకి వచ్చిన జెలటిన్ కాగితానికి బొమ్మ పొర కింద బేరియం తెల్లపూత ఉంటుంది కాబట్టి పీచు కనబడదు. పాత జెలటిన్ ప్రింటును కిటికీ దగ్గర వాల్చి చూస్తే నల్లటి చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, నీలం కలిసిన వెండి మెరుపు తేలుతుంది. వెండి పైకొచ్చి చేరడం వల్ల వచ్చే ఈ మెరుపును నకలు చేయడం కష్టం. బొమ్మ క్రమంగా పేర్చిన చుక్కలుగా విడిపోతే అది పత్రికలోనో పుస్తకంలోనో అచ్చయిన బొమ్మ, ఫొటో ప్రింటు కాదు. గోధుమరంగు బొమ్మ భూతద్దం కింద నీలం, గులాబీ, పసుపు చుక్కలుగా చెదిరితే ఇంక్‌జెట్. ఇక ఆ కాగితం మీద 1899 ముచ్చట అక్కర్లేదు.

ఫొటో పోస్టుకార్డులకు వెనకవైపే పంచాంగం. చిరునామాకూ మాటకూ మధ్య గీత ఉన్న కార్డు బ్రిటన్‌లో 1902 నుంచి, అమెరికాలో 1907 మార్చి 1 నుంచి. అమెరికా కార్డులో స్టాంపు పెట్టె చుట్టూ ‘ఏజో’ అనే ఫొటో కాగితం బ్రాండు పేరు ఉండి నాలుగు త్రికోణాలూ పైకి చూస్తుంటే 1904 నుంచి 1918 మధ్య కాగితమని, రెండు పైకి రెండు కిందికి ఉంటే 1918 నుంచి 1930 మధ్యదని సేకర్తలు లెక్కగడతారు.

చవకైన పరీక్ష అతినీలలోహిత (యూవీ) కాంతి టార్చి. 1950ల ముందు ఫొటో కాగితాల్లో తెల్లదనం పెంచే రసాయనం కలపలేదు. చీకటి గదిలో టార్చి వేసినప్పుడు ప్రింటు ఆఫీసు కాగితంలా నీలి తెలుపుగా వెలిగితే అది 1950కి ముందుది కాదు. పక్కనే మామూలు ఏ4 కాగితం పెట్టి పోల్చండి. బొమ్మను, అట్టను విడివిడిగా చూడండి, ఎందుకంటే పాత అట్టమీది బొమ్మను ఊడదీసి కొత్తది అంటించడం తెలిసిన పద్ధతే. ఇంకో సంగతి మరవద్దు. వెలగకపోతే పాతదని రుజువైనట్టు కాదు. ఆ రసాయనం లేని కొత్త కాగితాలు ఇప్పుడూ దొరుకుతాయి.

ఎక్కువమంది మోసపోయేది నకిలీ దగ్గర కాదు, కాపీ దగ్గర. అసలు ప్రింటును నిజమైన ఫొటో కాగితం మీదే మళ్లీ తీసినది కాపీ ప్రింటు. దాన్ని పట్టుకునే ఉపాయం ఇది. బొమ్మలో మూల విరిగినట్టో, మధ్యలో మడత పడినట్టో కనబడుతుందా? కాగితాన్ని పక్కకు వాల్చి ఏటవాలు వెలుతురులో చూడండి. కంటికి మడత ఉంది, కాగితం నున్నగా ఉంది అంటే ఆ మడత ఇంకో ప్రింటుది. ఈ కాగితం దాని ఫొటో. సంతకానికీ ఇదే సూత్రం. పెన్నుతో చేసిన సంతకంలో సిరా పూతమీద వేరే మెరుపుతో నిలుస్తుంది, గీతలు కలిసే చోట చిక్కబడుతుంది. నెగెటివ్‌లో ఉన్న సంతకం బొమ్మతోపాటే, అదే మెరుపుతో ఉంటుంది. కాపీల్లో వెలుగునీడల మధ్య తేడా పెరిగి, కోటు మడతలు నల్లటి ముద్దగా, చొక్కా తెల్లటి ముద్దగా మారతాయి.

ఒకరి పేరు కింద ఇంకొకరు

చింగ్ లింగ్ ఫూ చైనావాడు. 1898లో అమెరికా వచ్చి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. చుంగ్ లింగ్ సూ చైనావాడు కాడు. అసలు పేరు విలియం రాబిన్‌సన్, న్యూయార్కు మనిషి, అంతకుముందు కెల్లర్ దగ్గరా, హెర్మన్ అనే మరో మెజీషియన్ దగ్గరా తెరవెనక పనిచేశాడు. 1900లో చైనా వేషం కట్టి యూరప్‌లో వెలిగాడు. వేదిక మీద ఇంగ్లిషు మాట్లాడేవాడు కాదు. 1918 మార్చి 23న లండన్ వుడ్ గ్రీన్ ఎంపైర్‌లో తూటాను పట్టే అంశం వికటించి, మర్నాడు చనిపోయాడు. ఈ ఇద్దరి ఫొటోలూ ఒకరి పేరుతో ఒకరివి తిరుగుతుంటాయి. తేల్చడానికి ఫొటో వెనకనున్న అట్ట సాయపడుతుంది. 1900కి ముందు ‘సూ’ అనే మెజీషియనే లేడు. అట్ట తీరు అంతకంటే పాతదైతే ఆ పేరు తప్పు. మీసంతో, యూరోపియన్ కోటులో ఉన్న రాబిన్‌సన్ బొమ్మలు ఆ వేషానికి ముందువి. దుస్తుల రంగుల మీద మాత్రం వాదించకండి. ఆనాటి పలకలకు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా పడేవి. బొమ్మలో నల్లగా ఉన్న పట్టు అంగీ అసలు ఎర్రనిది కావచ్చు.

దయ్యాలూ, లింకనూ

1860ల మొదట్లో బోస్టన్‌కు చెందిన విలియం మమ్లర్ చనిపోయినవాళ్లు పక్కన నిలబడినట్టు ఫొటోలు తీసి అమ్మాడు. 1869లో న్యూయార్కులో అతని మీద మోసం కేసు నడిచింది. వినోద ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అబ్రహాం బొగార్డస్ అనే ఫొటోగ్రాఫరు బార్నమ్ వెనక లింకన్ దయ్యం ఉన్న ఫొటో తానే తయారుచేసి ఇచ్చాడు. అయినా సాక్ష్యం చాలక మమ్లర్ బయటపడ్డాడు. తర్వాత లింకన్ భార్యకు భర్త ఆత్మతో ఫొటో తీసిందీ ఇతనే. కొన్ని దశాబ్దాలకు హూడినీ అదే ఉపాయంతో లింకన్ పక్కన తన ఫొటో చేయించుకున్నాడు, ఆత్మల వ్యాపారాన్ని బట్టబయలు చేయడానికి. ఆ బొమ్మ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.

దాని పని తీరు సులువు. నల్ల మఖమల్ ముందు మొదటి బొమ్మను తక్కువ వెలుతురులో, ఫోకస్ కాస్త తప్పించి తీస్తారు. నలుపు ఉన్న చోట పలకమీద ఏమీ పడదు. అదే పలకను మళ్లీ కెమెరాలో పెట్టి బతికున్న మనిషిని ఖాళీ చోట కూర్చోబెట్టి తీస్తారు. మోసం తెలిసే చోట్లు కూడా అవే. దయ్యం ఒంట్లోంచి కుర్చీ అంచు కనబడుతుంది, వెలుతురు ఒకరికి కుడినుంచి ఇంకొకరికి ఎడమనుంచి పడుతుంది. దయ్యం ముఖం అప్పటికే అందరికీ తెలిసిన ఏదో ఫొటోలోని భంగిమలోనే ఉంటుంది.

మద్రాసు కర్ర, తాడు మాయ

రాబర్ట్ హూడిన్ కంటే ముందే, 1830 ప్రాంతంలో, మద్రాసులో శేషాల్ అనే పేరుతో తెలిసిన బ్రాహ్మణుడు కర్రమీద చెయ్యి ఆనించి గాలిలో కూర్చునే ప్రదర్శన ఇచ్చాడు. ఫొటో పుట్టకముందు కాలం, మిగిలింది చెక్కిన బొమ్మలే. వందేళ్ల తర్వాత, 1936 జూన్‌లో, సుబ్బయ్య పుల్లవర్ అనే దక్షిణాది మనిషి గాలిలో అడ్డంగా పడుకున్న ఫొటోలు లండన్‌లోని ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో వచ్చాయి. తీసింది ప్లంకెట్ అనే తేయాకు తోటల యజమాని. ఫొటోల్లో చెరుపుళ్లేవీ లేకపోయినా వాటి మొదలెక్కడో గమనించాలి. మనిషి ముందు గుడ్డ డేరాలోకి వెళ్లాడు. డేరా తీసేసరికి పైన ఉన్నాడు. లేవడం ఫొటోలో లేదు. చెయ్యి మాత్రం గుడ్డ చుట్టిన కర్రమీద ఉంది. కర్రలో ఇనుప కడ్డీ, దుస్తుల కింద దానికి కలిసే ఊత ఉంటే బరువంతా ఆ కర్రలోంచి నేలకు దిగుతుంది. శేషాల్ చెయ్యీ, రాబర్ట్ హూడిన్ కొడుకు మోచెయ్యీ ఆనింది కూడా అలాంటి కర్రమీదే.

తాడు మాయ, అంటే నిటారుగా లేచిన తాడు మీదికి పిల్లవాడు ఎక్కి మాయమయ్యే గారడీ. దాని ఫొటో కథ ఇంకా విచిత్రం. 1890 ఆగస్టు 8న చికాగో ట్రిబ్యూన్‌లో వచ్చిన కథనం ప్రకారం, ఒక అమెరికన్ ఈ మాయను కోడక్‌తో తీస్తే ఫొటోలో తాడూ లేదు, పిల్లవాడూ లేడు, అందరూ భ్రమలో పడ్డారు. కొన్ని నెలలకు అది కల్పితమని పత్రికే ఒప్పుకుంది. ఫొటో తీసినవాడిగా చెప్పిన ‘ఎస్. ఎల్‌మోర్’ పేరు కలిపి చదివితే ఇంగ్లిషులో ‘సెల్ మోర్’, అంటే ‘ఇంకా ఎక్కువ అమ్ము’ అనే అర్థం వస్తుంది. 1917లో పుణె దగ్గర కిర్కీలో హోమ్స్ అనే సైనికాధికారి తీసిన ఫొటో మాత్రం నిజమైనది. అందులో పిల్లవాడు నిటారుగా నిలిపిన దాని కొసన ఉన్నాడు. దొమ్మరాట చూసిన తెలుగువాళ్లెవరైనా అది తాడు కాదు, గడ అని ఇట్టే పోలుస్తారు.

ఈ ఫొటోల్లో పేర్లు దొరకడమే అరుదు. మద్రాసు ప్రెసిడెన్సీ స్టూడియోలు 1860లనుంచీ గారడీవాళ్లను బుట్టలతో, పాములతో కూర్చోబెట్టి ఫొటోలు తీసి దొరలకు అమ్మేవి. కింద రాసేది ‘జగ్లర్లు, మద్రాసు’ అనే. కెల్లర్‌కూ థర్స్టన్‌కూ పుట్టిన తేదీలతో సహా తెలుస్తున్నాయి. వీళ్ల ఊరేదో కూడా తెలియదు. ఇది ఫొటో లోపం కాదు, అట్టమీద పేరు రాయాలని అనుకోనివాళ్ల లోపం.

చేతికొస్తే ఏం చేయాలి

బొమ్మ కావాలంటే కొననక్కర్లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు 1955లో అందిన మెక్‌మానస్-యంగ్ సేకరణలోని హూడినీ ఫొటోలు చాలావరకు ఉచితంగా, పెద్ద ఫైళ్లుగా దొరుకుతాయి. కొనేది కాగితం కోసమైతేనే డబ్బు పెట్టండి. కొనేముందు అమ్మేవారిని మూడు అడగండి: స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో, వెనకవైపు ఫొటో, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో.

మన కోస్తా ఊళ్లలో శత్రువు తేమ. వానాకాలంలో జెలటిన్ మెత్తబడి ఫ్రేము అద్దానికి అతుక్కుంటుంది. లాగితే బొమ్మ అద్దంతో వస్తుంది. కాబట్టి అద్దానికీ ప్రింటుకూ మధ్య అట్ట చట్రంతో సందు ఉంచండి. పీవీసీ కవర్లు, అతుక్కునే ఆల్బములు, సెల్లోటేపు వద్దు. పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని అట్టపెట్టె చాలు. బట్టల పెట్టెలో వేసినట్టు కలరా ఉండలు ఇందులో వేయకండి. గోడకు తగిలించాలంటే స్కాన్ చేసిన నకలును తగిలించండి, తెల్లసొన ప్రింటు వెలుతురుకు త్వరగా పాలిపోతుంది. కార్ట్ డి విజిట్‌ను 1200 డీపీఐలో, కేబినెట్ కార్డును 600లో స్కాన్ చేస్తే పీచుదాకా వివరం దక్కుతుంది. అట్ట అంచులు, వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. తడి గుడ్డతో ఎప్పుడూ తుడవకండి, తెల్లసొన పూత లేచిపోతుంది.

వివరాలు ప్రింటు మీద కాకుండా కవరులో పెట్టే చీటీ మీద మెత్తటి పెన్సిలుతో రాయండి, రెండు వయసులూ వేర్వేరుగా: ‘బొమ్మ: హూడినీ, 1899 ప్రాంతం. ప్రింటు: కాపీ, 1950 తర్వాత.’ మద్రాసు గారడీవాళ్లదైతే: ‘ముగ్గురు, పేర్లు తెలియవు. స్టూడియో ముద్ర వెనక ఉంది. ఎడమనున్న పెద్దాయన చేతిలో వెదురు బుట్ట.’